మానికలో ఎన్ని గిద్దలు?

రండి, కూర్చోండి. ఒళ్లో పళ్లెం నిండా చిక్కుడుకాయలున్నాయి, ఈనెలు తీసుకుంటూ మాట్లాడతాను. పిల్లలిద్దరూ ఇప్పుడే పడుకున్నారు. మావారు వంటింట్లో రేపటి దోసెలకు పిండి రుబ్బుతున్నారు. మా ఇంట్లో నేను స్థిమితంగా కబుర్లు చెప్పగలిగే వేళ ఇదొక్కటే.

"పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నారటగా, రోజంతా ఏం చేస్తారమ్మా?" అని కూరగాయల బండి ఆవిడ దగ్గర్నుంచి పెళ్లిలో పక్క విస్తరి పెద్దాయన దాకా అందరూ అడుగుతారు. నిలబడిన చోట చెప్పే జవాబు కాదది. మీరు తీరిగ్గా కూర్చున్నారు కాబట్టి చెబుతాను.

మాది రాజమండ్రి. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. పెద్దాడు ఏడాదిన్నర ఒక బడికి వెళ్లాడు. ఒకటి నుంచి వంద దాకా అంకెలు రోజూ రెండుసార్లు రాసుకురమ్మనేవారు. ఐదేళ్ల వేళ్లు! రాత్రి నిద్రలో కూడా వాడి కుడిచెయ్యి పెన్సిలు పట్టుకున్నట్టే బిగుసుకుని ఉండేది. ఆ పిడికిలి విప్పి, వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ ఒక రాత్రి మావారూ నేనూ తెల్లవారుజాము దాకా మాట్లాడుకున్నాం. ఆ వారమే మానిపించేశాం.

మానిపించాక మేం చేసిందేమిటో తెలుసా? అదే బడిని ఇంట్లో పెట్టాం. గోడకు బోర్డు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా గంటల పట్టిక. ఆరునెలలు వాడూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఒకరోజు మా అత్తయ్యగారు వచ్చి బోర్డును గోడవైపు తిప్పేసి, "ముందు వాడికి ఇంత పెరుగన్నం పెట్టమ్మాయ్, లెక్కలు ఎక్కడికీ పారిపోవు" అన్నారు. ఆ బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది. దాని వెనకవైపు పిల్లలు సుద్దముక్కతో రైళ్లు గీస్తుంటారు.

అరిసెల సంగతి చెప్పాలి మీకు. పోయిన సంక్రాంతికి వారం ముందు అత్తయ్యగారు అటక మీది ఇత్తడి కొలతలు దింపించారు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అన్నీ చింతపండుతో తోమి ఎండలో బోర్లించారు. "మూడు మానికల బియ్యం కొలిచి నానబొయ్యరా" అని పెద్దాడికి చెప్పి ఆవిడ పూజకు వెళ్లిపోయారు. చిన్నది గిద్దను తీసుకుంది, బొమ్మ చెంబులా ముద్దుగా ఉందని. "మానికలో ఇలాంటివి ఎన్ని పడతాయన్నయ్యా?" అంది. వాడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, "ఆరు" అన్నాడు.

నాకు నాలుక చివర దాకా వచ్చింది. చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పినదే కదా! ఎలా ఆపుకున్నానో, కరివేపాకు దూస్తూ అటు తిరిగి కూర్చున్నాను.

పోయడం మొదలుపెట్టారు. మొదటిసారి పద్నాలుగు వచ్చాయి. చిన్నది గిద్దను గోపురంలా నింపుతోంది మరి. వాడు కాసేపు ఆ గోపురాన్నే చూశాడు. మానికను మళ్లీ ఖాళీ చేసి, ఈసారి ప్రతి గిద్దనూ అరచేత్తో అంచుకు సమంగా చదును చేసి పోశారు. పదహారు. నమ్మకం కుదరక మూడోసారీ కొలిచారు. అదే పదహారు. తర్వాత సోల తీశాడు, నాలుగు గిద్దలు. తవ్వ, ఎనిమిది. అప్పుడు వాడి మొహం చూడాలి మీరు. "అమ్మా, సోల దగ్గర్నుంచి ప్రతిదీ రెట్టింపవుతోంది!" అని గట్టిగా అరిచాడు. పూజ ముగించుకుని వచ్చిన మామ్మ, "మానిక తర్వాత అడ్డ, అడ్డ తర్వాత కుంచం ఉండేవిరా. ఇప్పుడు మనింట్లో లేవు" అన్నారు. వాడు అరుగు మీద సుద్దతో పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు అని రాసి, "కుంచానికి అరవై నాలుగు గిద్దలు" అన్నాడు. ఇంట్లో లేని కుంచాన్ని కొలిచేశాడు పిల్లాడు.

ముప్పావుగంట పట్టింది. బియ్యం సగం నేలపాలయ్యాయి, ఏరుకున్నాం. అరిసెల పిండి ఒక పూట ఆలస్యమైంది. నేను "పదహారు నాన్నా" అని ఉంటే అర నిమిషంలో అయిపోయేది. కానీ ఆ రెట్టింపు వాడికి దొరికేది కాదు.

మా అత్తయ్యగారి పుట్టింటి నుంచి వచ్చిన పాత చందమామ బైండు పుస్తకాలున్నాయి మా ఇంట్లో. చందమామ 1947 జూలైలో మొదలైందని మీకు తెలిసే ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంట్లో అదే చదువు. బేతాళ కథల్లో విక్రమార్కుడు నోరు విప్పగానే ఏమవుతుంది? శవంలోని బేతాళుడు మాయమై మళ్లీ చెట్టెక్కుతాడు. పిల్లల ఆలోచనా అంతే. వాళ్లు దాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటే మధ్యలో మనం నోరు విప్పితే, అది కాస్తా చెట్టెక్కేస్తుంది. మూడేళ్ల ఇంటి చదువులో నేను నేర్చుకున్నది, ఇంకా నేర్చుకుంటున్నది ఆ మౌనమే. చాలా కష్టమండీ! పాఠం చెప్పడం దానికంటే ఎంతో తేలిక.

అలాగని పుస్తకాలు లేవనుకోకండి. పొద్దున్న మొక్కలకు నీళ్లు పోసి, టిఫిను తిన్నాక గంటన్నర కూర్చుంటాం. తెలుగు, లెక్కలు, కొంచెం ఇంగ్లీషు. వయసులు వేరైనా ఒకే చాప. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెబడుల కోసం కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చుని, ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. దాని గురించి చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు చిన్నదాని సందేహాలు సగం పెద్దాడే తీరుస్తాడు, తీరుస్తూ తను మరోసారి నేర్చుకుంటాడు.

చిన్నదానికి ఒత్తులు ఎంతకీ పట్టుబడలేదు. కాపీ పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకునేది. కిందటి వేసవిలో సామర్లకోటలో మా పిన్ని ఇంటికి పాసింజరులో బయల్దేరాం. రైలు ఆగిన ప్రతి స్టేషనులో పసుపు బోర్డు మీద పెద్ద పెద్ద నల్లటి అక్షరాలు. ద్వారపూడిలో కిటికీలోంచి తొంగిచూసి, "అమ్మా, ద కింద ఏదో వేలాడుతోంది" అంది. అనపర్తిలో ఇంకొకటి, బిక్కవోలులో ఇంకొకటి. "క కింద దాని తమ్ముడు" అని తనే పేరు పెట్టింది. సామర్లకోట వచ్చేసరికి రైలు ఆగకముందే 'ర్ల' చదివేసింది. తిరుగు ప్రయాణంలో పెట్టె అంతటికీ చదివి వినిపించింది. ఎదురు సీటులో తాటిముంజెలు తెచ్చుకున్న ఒక అవ్వ రెండు ముంజెలు చేతిలో పెట్టి, "బాగా చదివావే అమ్మడూ" అంది. ఇప్పటికీ ఒత్తు కనిపిస్తే మా పిల్లకు ముంజెలే గుర్తొస్తాయి.

సాయంత్రాలు గోదావరి గట్టుకు వెళ్తాం. పాత హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో సెలవు తీసుకుందని పెద్దాడికి చెప్పాను. తొంభై ఏడేళ్లని గట్టు మీదే లెక్కకట్టి, "అన్నేళ్లు రైళ్లను మోసిందా!" అని చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. నేనూ మాట్లాడలేదు.

ఇక కష్టాలు. అవి చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. ఇద్దరిలో ఒకరు పూర్తిగా ఇంట్లో ఉండాలి. నేను ఉద్యోగం వదిలాను, ఇంటి ఖర్చు బిగించుకున్నాం. అన్ని ఇళ్లలోనూ అది కుదరదు, కుదరని వాళ్లు బాధపడాల్సిన పనీ లేదు. జ్వరం వచ్చిన రోజూ, నా మనసు బాగాలేని రోజూ పుస్తకం తెరవం. ఆటకు తోడు మరో బెంగ. వీధి పిల్లలు బడి నుంచి ట్యూషన్‌కు, ట్యూషన్ నుంచి నిద్రకు వెళ్తారు. మా పిల్లలు ఆదివారం కోసం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటారు. అది చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది. అందుకే శనివారాలు మా అరుగు మీద కథలు చెప్పడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఏడెనిమిది మంది వస్తున్నారు.

పరీక్షల మాటేమిటంటారా? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అంది కానీ, ఇంటి చదువు పేరు అందులో ఎక్కడా లేదు. సార్వత్రిక విద్యకు జాతీయ సంస్థ ఉంది, ఎన్ఐఓఎస్ అంటారు. అందులో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లున్నాయి, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మా దారి అటే. రేపు పెద్దాడు బడికి వెళ్తానంటే సంతోషంగా పంపుతాం. ఏటా ఉగాదికి ఇద్దర్నీ అడుగుతాం కూడా.

చిక్కుడుకాయలు అయిపోయాయి. పిండి రుబ్బడం కూడా అయినట్టుంది, చప్పుడు ఆగింది. ఒక్క మాట చెప్పి లేస్తాను. మీ పిల్లలు బడికి వెళ్లేవాళ్లే కావచ్చు, ఏం ఫరవాలేదు. మీ అటక మీదో, అమ్మమ్మగారి భోషాణంలోనో ఇలాంటి గిద్దో మానికో తప్పకుండా ఉంటుంది. ఈ సంక్రాంతి లోపల దాన్ని దింపి, తోమి, పిల్లల చేతికివ్వండి. ఎన్ని పడతాయో మాత్రం మీరు చెప్పకండి.