పంటి సందు

దర్జీకి కత్తెర పక్కనే ఉన్నా చెయ్యి అటు పోదు. గుండీ కుట్టడం అయిపోగానే దారం నోటికి పోతుంది, పటుక్కున కొరికేస్తాం. రాయచోటిలో మా మేనమామ దగ్గర పని నేర్చుకున్న రోజుల నుంచి కువైట్‌లో, ఫర్వానియాలో, అరబ్బు మగవాళ్లు వేసుకునే నిలువుటంగీలు, దిష్‌దాషాలు కుట్టిన తొమ్మిదేళ్ల దాకా నేను అట్లాగే కొరికాను. నా ముందుపన్ను అంచున చిన్న గాటు కూడా పడింది. 2018 జూన్ మొదటి వారంలో ఒక రాత్రి దారం కొరకబోతే నోరు తెరుచుకోలేదు. చిటికెనవేలు పట్టేంత కూడా రాలేదు.

అది ఆ రాత్రి మొదలైన రోగం కాదు. అంతకు ఏడాది ముందు నుంచే కుడివైపు కింది దవడలో, చివరి రెండు పళ్ల మధ్య మాంసం పీచు ఇరుక్కునేది. శుక్రవారం రూములో బిర్యానీ చేసుకుంటే శనివారం మధ్యాహ్నం దాకా నాలుక అక్కడే తిరిగేది. షాపులో గుండుసూదులకు కరువా? ఒకటి తీసి పొడిచేవాణ్ణి. పీచు వచ్చేది, వెంట రక్తమూ వచ్చేది. బ్రష్ తగిలినా రక్తమే. రక్తం వచ్చేచోట ముట్టకపోతేనే మంచిదని ఆ పక్క తోమడం మానేశాను. ఎంత తప్పు పని చేశానో తర్వాత తెలిసింది. పాచి నిలిచినందుకు చిగురు వాచి రక్తం కారుతోంది. పాచి తీయాల్సిందిపోయి దాన్ని అక్కడే కాపాడి పెట్టాను. తీయని పాచి గట్టిపడి గారవుతుంది. గార పట్టాక బ్రష్ ఎంత రుద్దినా రాదు.

పైగా చాయ్. మా సందులో టీ కుర్రాడు ఇస్తికానా అనే చిన్న గ్లాసుల్లో నల్ల చాయ్ తెస్తాడు, అడుగున అంగుళం మేర చక్కెర. రోజుకు ఎనిమిదో పదో తాగేవాణ్ణి. మిషను ముందు కూర్చున్నవాడికి అదే ఊపిరి.

ఆ ఫిబ్రవరిలో నొప్పి మొదలైంది. లవంగం నొక్కి పెట్టాను, పనడోల్ వేశాను. ఆగక ఒక క్లినిక్‌కు పోతే ఎక్స్‌రే తీసి చూపించారు. సందులో మొదలైన పుప్పి అటు పన్నునూ ఇటు పన్నునూ తినేసింది. రెంటికీ రూట్ కెనాల్ చేసి క్యాపులు వేయాలన్నారు. చెప్పిన మొత్తం నా జీతం కంటే ఎక్కువ. అప్పుడు నా జీతం 140 దీనార్లు. అందులో వంద ఊరికి పోయేది. అంతకుముందు అక్టోబరులోనే విదేశీయులకు సర్కారు ఆసుపత్రుల ఫీజులు కూడా పెంచారు. "ఆగస్టులో ఊరికి పోతాం కదా, ఆడ చూపించుకుందాంలే" అనుకున్నాను. మా రూములో ఏ రోగానికైనా అందరిదీ ఇదే మాట. పెట్టెలో ఊరి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు ఉంటే మూడు రోజులు వేసుకుని, తగ్గింది కదాని మిగిలినవి దాచిపెట్టాను.

ఏప్రిల్‌లో ఒక పొద్దున లేచేసరికి నొప్పి లేదు. లవంగం మహిమ అని రూమంతా చెప్పాను. నిజానికి ఆ రోజు పంటిలో నరం చచ్చిపోయింది. అరిచే కుక్క చచ్చింది, దొంగ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. చీము వేరు కిందికి దిగి దవడ ఎముకలో చోటు చేసుకుంటోంది. నాకేమో నొప్పి లేదు కాబట్టి రోగమూ లేదు.

మే 17న రంజాన్ మొదలైంది. కువైట్‌లో దర్జీకి ఏడాది మొత్తం ఒక ఎత్తు, ఆ నెల ఒక ఎత్తు. నెల మధ్యలో పిల్లల గిర్గియాన్ పండుగ, ఆఖరున ఈద్. ప్రతి ఇంట్లోనూ తండ్రికీ కొడుకులకూ కొత్త తెల్ల దిష్‌దాషా కావాలి. ఇఫ్తార్ తర్వాత షాపు నిండితే రాత్రి రెండు దాకా జనమే. నేను ఉపవాసం ఉండను. కానీ ఆ నెల పగటిపూట నలుగురి ముందు నీళ్లు తాగితే చట్టప్రకారం నేరం, 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. వెనక గదిలోకి పోయి తాగొచ్చు. పక్కన ముగ్గురు ఒక్కపొద్దుతో మిషను తొక్కుతుంటే తాగబుద్ధి కాదు. నోరు ఎండి, ఉమ్మి జిగటగా, చేదుగా ఉండేది.

నోరు తెరుచుకోని ఆ రాత్రి దవడ కింద చెయ్యి పెట్టి చూస్తే వాపు తగిలింది. దర్జీని కదా, టేపు పెట్టి కొలుచుకున్నాను. నా మెడ పదిహేను అంగుళాలు. ఆ రాత్రి పదహారున్నర. మరునాడు సాయంత్రానికి పద్దెనిమిది. ఇంటి నుంచి ఇమోలో వీడియో కాల్ వస్తే ఎడమ చెంప మాత్రమే కనపడేట్టు ఫోను పట్టుకున్నాను.

"ఏమయ్యా, మొగం అట్ల పక్కకు తిప్పుకున్నావు?" అంది నా భార్య.

"సిగ్నల్ లేదులే మే" అని పెట్టేశాను.

రెండో రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. లేచి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఉమ్మి మింగలేక తువ్వాలు గడ్డం కింద పెట్టుకున్నాను. జ్వరం కాలిపోతోంది. మా రూములో లక్కిరెడ్డిపల్లె పెద్దాయన ఉన్నాడు, ఆయన్ను అందరం మామా అంటాం. నీళ్లు కావాలని అడిగితే నా మాట విని లైటు వేశాడు. "ఏంరా, నోట్లో కాలే సంగటి ముద్ద పెట్టుకున్నోని మాదిరి మాట్లాడతాండావు?" అన్నాడు. మొహం చూశాక ఇంకేమీ అడగలేదు. చొక్కా వేసి కిందికి నడిపించుకుపోయాడు.

కింద మందుల షాపులో ఉండేది ఈజిప్టు ఆయన. దవడ కింద వేలితో నొక్కి చూశాడు. వాపు మెత్తగా లేదు, చెక్కలా బిగిసి ఉంది. నాలుక బయట పెట్టమన్నాడు. నాలుక కింద వాచి దాన్ని పైకి ఎత్తేసింది, పళ్లు దాటి రాలేదు. ఆయన మాత్రలేవీ ఇవ్వలేదు. "ముస్తష్ఫా, యల్లా!" ఆసుపత్రికి, పద అని తనే 112కు ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో వెల్లకిలా పడుకోమంటే పడుకోలేకపోయాను. మెలకువగా ఉండగానే ముక్కులోంచి గొంతులోకి గొట్టం దించారు. ఊపిరి దారి పూర్తిగా మూసుకుపోతే తర్వాత గొట్టం కూడా పట్టదట. అప్పుడు నా చేతులు పట్టుకున్న మనిషి మొహం నాకు గుర్తులేదు, పట్టు గుర్తుంది. తర్వాత మత్తు ఇచ్చి దవడ కింద రెండుచోట్ల కోసి చీము తీశారు, రబ్బరు గొట్టాలు పెట్టారు. ఆ రెండు పళ్లూ పీకేశారు. మూడు రోజులు ఐసీయూలో మాట లేదు. ఈ రోగానికి లుడ్విగ్ ఆంజైనా అని పేరట. 1836లో ఆ పేరున్న జర్మనీ వైద్యుడే దీన్ని మొదట వర్ణించి రాశాడు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో వచ్చినవాళ్లలో సగానికి పైగా చనిపోయేవాళ్లు. చాలామందికి ఇది మొదలయ్యేది కింది దవడ పళ్ల వేర్ల దగ్గరే.

రక్తం పరీక్షలో ఇంకొకటి బయటపడింది. చక్కెర 340. ముప్పై ఎనిమిదేళ్లకే షుగరు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. షుగరుంటే చిగుళ్లు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్లు షుగరును అదుపులోకి రానివ్వవు అని డాక్టరు చెప్పాడు. చక్కెర చాయ్ గ్లాసులు కళ్ల ముందు వరసగా కనిపించాయి.

ఈద్ రోజు, జూన్ 15న, వార్డులోనే ఉన్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లు కారిడార్‌లో తెల్లటి దిష్‌దాషాల్లో తిరుగుతుంటే కాలర్లు చూస్తూ పడుకున్నాను, ఏ కుట్టు ఎవరిదా అని. బిల్లుకు మా రాయచోటి వైపు వాళ్లు తలా ఐదూ పదీ వేసుకున్నారు. అది తీర్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆగస్టు ప్రయాణం ఆగిపోయింది.

ఇంటికి పంపేముందు పళ్ల డాక్టరమ్మ ఒకామె వచ్చింది. మలయాళీ సిస్టర్ పక్కన నిలబడి ఆమె మాట నాకు హిందీలో చెప్పింది. పన్నుకు ఐదు పక్కలు ఉంటాయి. లోపల, బయట, పైన బ్రష్ చూసుకుంటుంది. పక్కపన్నుకు ఆనుకున్న రెండు పక్కలకు మాత్రం దాని కుచ్చు చేరదు. మా అవ్వ వేపపుల్లతో తోమి, దాన్నే చీల్చి నాలుక గీసుకునేది. ఆ పుల్ల అయినా, ఇక్కడ మసీదుల దగ్గర అమ్మే మిస్వాక్ అయినా సందులోకి పోవు. సందులోకి పోయేది దారమే. అరబ్బీలో ఖైత్ అస్నాన్ అంటారు. ఖైత్ అంటే దారం, మా షాపులో రోజుకు వందసార్లు వినే మాట.

"మా దారం పనికిరాదా సిస్టర్?" అని అడిగాను. నవ్వి, చిగురు కోసుకుపోతుంది వద్దంది. మైనం పూసిన పట్టుదారంతో పళ్ల సందులు శుభ్రం చేసుకోమని అమెరికాలో పార్మ్లీ అనే దంతవైద్యుడు 1819లోనే పుస్తకం రాశాడని డాక్టరమ్మ చెప్పింది. కాజాలు కుట్టేటప్పుడు మేమూ దారానికి మైనం రాస్తాం. ఆ మాటతో నాకు లెక్క కుదిరింది.

మూర పొడవు తెంపుకోవాలి. రెండు నడిమి వేళ్లకు చుట్టుకుని మధ్యలో అంగుళం వదలాలి. పళ్ల మధ్య రంపం కోసినట్టు మెల్లగా దించాలి, దబుక్కున లాగితే చిగురు తెగుతుంది. దిగాక దారాన్ని ఒక పన్నుకు చుట్టి హత్తించి, చిగురు అంచు కింద నుంచి పైకి తుడవాలి, తర్వాత పక్కపన్నుకు. ఒక్కో సందుకు దారంలో కొత్త తావు. మొదటి వారం నాకు రక్తం వచ్చింది. ఈసారి మానలేదు. పది రోజులకు ఆగిపోయింది. రాత్రి షాపు మూసి వచ్చాక మూడు నిమిషాల పని. నాకు డబ్బీ దీనారు లోపే దొరుకుతుంది.

మరుసటి ఏడాది చివర్లో ఊరికి పోయాను. అట్టపెట్టెలో నిడో, టాంగ్, సబ్బులతో పాటు ఆరు డబ్బీల దారం పెట్టాను. నా భార్యనూ పిల్లలనూ అద్దం ముందు నిలబెట్టి నేర్పాను. అమ్మకూ ఒక డబ్బీ ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత చూస్తే వాకిట్లో కూర్చుని దానితో కనకాంబరాలు కడుతోంది.

"అమ్మా, అది పండ్ల సందుల్లోకిమా!"

"మంచి దారంరా, తెగడమే ల్యా" అని ముడి బిగించింది. తర్వాత నా వైపు చూసి నోరు తెరిచి చూపించింది. పైన రెండు, కింద మూడు, ఒక్కోటి ఒక్కో మూల. "పక్కపక్కన రెండుంటే కదరా సందు. నాకు సందు యాడుందిరా?"