ఎక్కితే చిన్నది... దిగితే పెద్దది!

మనాలీ నుంచి లేహ్‌కి పాత టూస్ట్రోక్ బండి మీద బయల్దేరేవాళ్ల సంచిలో ఓ చిన్న డబ్బా ఉంటుంది. దాన్నిండా గోరంత ఇత్తడి ముక్కలు. బండి కొండ ఎక్కాలన్నా, ఎక్కింది క్షేమంగా దిగాలన్నా వాటి చలవే!

హిమాలయాల్లో మనాలీ దాదాపు 2,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి లేహ్‌కి సుమారు 430 కిలోమీటర్లు. దారిలో బారాలాచా లా 4,890 మీటర్లు, లాచుంగ్ లా 5,059, తాంగ్లాంగ్ లా 5,328. 'లా' అంటే కనుమ. ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఈ దారిలో వేసవి వచ్చిందంటే బైకుల బారులే. ఎక్కువమందివి కొత్త బండ్లు. వాటిలో పెట్రోలు ఎంత వెయ్యాలో సెన్సర్లే చూసుకుంటాయి. అక్కడక్కడా మాత్రం టంగ్‌టంగ్‌మంటూ ఓ ఆర్‌ఎక్స్ 100 కనిపిస్తుంది. 1985లో మన రోడ్లమీదికొచ్చి 1996లో తయారీ ఆగిపోయిన 98 సీసీ బండి అది. గుంతల దారికి గళ్ల టైర్లు, పైకెత్తిన సైలెన్సర్, వెనక పెద్ద పళ్లచక్రం... ఇలా రూపం మార్చుకుని కొండకొస్తుంది. దానికి సెన్సర్లు లేవు. నడిపేవాడి చెవీ, కన్నూ, ఆ డబ్బా... అంతే.

పంపు స్టవ్వు గుర్తుందా?

కిరసనాయిలు పంపు స్టవ్వు వాడినవాళ్లకి ఈ సంగతి చిటికెలో అర్థమవుతుంది. మంటంతా నాజిల్ చిల్లులోనే ఉంది. కిరసనాయిలు ఎక్కువై గాలి చాలకపోతే ఎర్రటి మంట, గిన్నెకి మసి. కార్బ్యురేటర్‌లో జెట్ చేసేదీ ఆ పనే. దాని మీదుండే నంబరు పెరిగితే చిల్లు పెద్దది, పెట్రోలు ఎక్కువ. తగ్గితే తక్కువ.

బండిని మార్చినప్పుడే ఈ లెక్క మొదలవుతుంది. గాలి ఎక్కువ పీల్చేలా ఫిల్టర్ మార్చి, పొగ వేగంగా పోయేలా సైలెన్సర్ బిగించి, సిలిండర్ రంధ్రాలు కోయించాక పాత జెట్ చాలదు. పెద్దది వెయ్యాలి. కార్బ్యురేటర్‌లో ఒక్కో అంచెకీ ఒక్కో యజమాని. యాక్సిలరేటర్ కాస్త తిప్పినంతవరకూ పైలట్ జెట్‌దీ గాలి స్క్రూదీ పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా సూది. ఆపైన మెయిన్ జెట్. ఏ దశలో బండి తడబడుతోందో కనిపెడితే తప్పెక్కడుందో తెలిసినట్టే.

గాలి తగ్గింది... పెట్రోలు తగ్గలేదు

2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరవకముందు, మనాలీ దాటగానే మొదటి పరీక్ష 3,978 మీటర్ల రోహ్‌తాంగ్. ఇప్పుడు సొరంగంలోంచి వెళితే ఆ పరీక్ష తప్పుతుంది. కానీ బారాలాచా దగ్గర తప్పదు. తాంగ్లాంగ్ లా చేరేసరికి గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది... అంతే. మనిషికి ఆయాసం, తలనొప్పి. ఇంజినుకీ ఊపిరాడదు. గాలి పలచబడినా జెట్ మాత్రం దాదాపు ఎప్పటిలాగే పెట్రోలు పోస్తుంటుంది. దాంతో బండి 'బుడబుడ'మంటుంది, పొగ కక్కుతుంది, ఎక్కలేక మొరాయిస్తుంది. ప్లగ్గు విప్పి చూస్తే తడిగా, కాటుకలా నల్లగా ఉంటుంది.

అప్పుడు డబ్బా తెరవాలి. హైదరాబాద్‌లో 120 నంబరుతో హాయిగా తిరిగిన బండికి ఇక్కడ 110, ఇంకా పైన 105 కావాల్సి రావచ్చు. సూదిని ఓ మెట్టు దించాలి. గాలి స్క్రూ కాస్త వదులు చెయ్యాలి. చలికి కొంకర్లుపోయే వేళ్లతో చేసే పని ఇది. జారిందంటే ఆ ఇత్తడి ముక్క గులకరాళ్లలో దొరకదు. అందుకే అనుభవజ్ఞులు కింద గుడ్డ పరిచాకే పానా పడతారు.

సరిచేశాక పరీక్షకి చక్కటి చోటు మోరే మైదానం. పాంగ్ దాటాక 4,600 మీటర్లకి పైన, నలభై కిలోమీటర్ల మేర చదునుగా పరుచుకుని ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కొంతదూరం వెళ్లి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి ప్లగ్గు చూస్తారు. కాఫీ రంగుంటే శుభం. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే... ప్రమాదం!

అసలు గండం దిగేటప్పుడే

తెలుపు ఎందుకంత భయం? టూస్ట్రోక్‌లో పిస్టన్‌కి పూసే ఆయిల్ పెట్రోల్లోనే కలిసి ఉంటుంది. ఆయిల్ పంపు విడిగా ఉన్న బండ్లలోనూ యాక్సిలరేటర్ మూస్తే ఆయిల్ తగ్గిపోతుంది. పెట్రోలు తగ్గితే చల్లదనం కూడా తగ్గినట్టే. ఎక్కేటప్పుడు తప్పు జరిగితే బండి పొగతో, నత్తనడకతో ఫిర్యాదు చేస్తుంది. దిగేటప్పుడు చెప్పదు. పైగా మునుపటికంటే హుషారుగా పరుగెడుతున్నట్టే అనిపిస్తుంది.

తాంగ్లాంగ్ లా నుంచి సింధు నది ఒడ్డున ఉన్న ఉప్శీకి దాదాపు 1,900 మీటర్ల దిగుడు. ఒక్కో మలుపూ దిగుతుంటే గాలి చిక్కబడుతుంది. పైన వేసిన చిన్న జెట్ ఆ గాలికి చాలదు. పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది, సిలిండర్‌ని పట్టేస్తుంది. దాంతో వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. పక్కన లోయ! అలాంటప్పుడు కాపాడేది ఎడమచేతి రెండు వేళ్లే. అవి ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. బిగుసుకున్న క్షణంలో క్లచ్ నొక్కితే చక్రం విడిపోతుంది. పల్లంలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి ఇంజిన్ మీదే భారం వెయ్యకూడదు. మధ్యమధ్యలో కాస్త తిప్పి ఆయిల్ అందించాలి.

అందుకే కనుమ మీద రంగురంగుల ప్రార్థన జెండాల దగ్గర ఫొటో దిగాక, తెలిసినవాళ్లు వెంటనే కిక్ కొట్టరు. గుడ్డ పరుస్తారు, డబ్బా తెరుస్తారు. ఎక్కేటప్పుడు తీసిన పెద్ద జెట్‌ని దిగేముందే తిరిగి బిగిస్తారు. తొలి మలుపుల్లో బండి కాస్త పొగ కక్కుతుంది, కాస్త విసిగిస్తుంది. కక్కనీ! లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. అక్కడికి చేరేసరికి ఆ పొగ తగ్గుతుంది. పట్టేసిన పిస్టన్ మాత్రం దారిలో బాగవదు.