ముఖానికి ఏ రంగు?

ప్లాటినం తీగకు ఉప్పు అంటించి మంటలో పెడితే సోడియం బంగారు పసుపు చూపిస్తుంది, స్ట్రాన్షియం ఎరుపు, రాగి ఆకుపచ్చ. బి.యస్సీ. మిత్రులకు ఇది నేను చెప్పనక్కరలేదు. మంట రంగు చూసి లోహం పేరు రికార్డులో రాసేస్తాం. జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టులు గీసిన ముఖచిత్రాలను పుస్తకాల్లో చూసినప్పుడు వాటికీ ఇలాంటి పట్టిక ఒకటి ఉంటే ఎంత బాగుండును అనిపించింది. ఎరుపైతే కోపం, నీలమైతే దిగులు అని రాసుకుని బయటపడవచ్చు కదా!

ఈ చిత్రకారుల తొలి జట్టు 1905లో డ్రెస్డెన్ నగరంలో ఏర్పడింది. కిర్ష్‌నర్, హెకెల్, ష్మిట్-రోట్లుఫ్, బ్లైల్ - నలుగురూ ఆర్కిటెక్చర్ విద్యార్థులే. సంఘానికి ‘వంతెన’ అని పేరు పెట్టుకున్నారు. ష్మిట్-రోట్లుఫ్‌కు అప్పటికి సరిగ్గా నా ఈడు, ఇరవై ఏళ్ళు. చర్మం ఏ రంగులో ఉందో ఆ రంగే వేయాలన్న నియమాన్ని వీళ్ళు పక్కకు నెట్టేశారు. ముఖం మీద పసుపు, ఆకుపచ్చ, నీలం ఏదైనా రావచ్చు.

ఇదేం పిచ్చి అనే ముందు మన మాటలు మనం వినాలి. కోపమొస్తే మొహం కందగడ్డలా చేసుకున్నాడంటాం. అవమానం జరిగితే మొహం నల్లబడిందంటాం. నిజంగా నల్లబడిందా అని ఎవరూ దీపం పట్టుకుని చూడరు. పంట ధర పడిపోయిన రోజు మా నాన్న మొహం ఏ రంగులో ఉంటుందో మా అమ్మ చెప్పగలదు. హిమోగ్లోబిన్, మెలనిన్ చదువుకున్న నేను చెప్పలేను.

సరే, పట్టిక సంగతి చూద్దాం. మ్యూనిక్‌లో స్థిరపడిన రష్యన్ యవ్లెన్‌స్కీ 1909లో సఖరోఫ్ అనే నర్తకుణ్ణి చిత్రించాడు. ఎర్రని దుస్తులు, వేషం కట్టిన తెల్లని ముఖం, కాటుక కళ్ళు. ఆ ఎరుపులో ఆట ఉంది, కవ్వింపు ఉంది. కిర్ష్‌నర్ 1915లో తనను సైనికుడిగా గీసుకున్న చిత్రంలోనూ ఎరుపు ఉంది. నీలం యూనిఫారం, భుజాన రెజిమెంటు సంఖ్య 75, నోట్లో సిగరెట్టు, పచ్చగా పాలిపోయిన ముఖం, పాపలు లేని కళ్ళు. పైకెత్తిన కుడిచేయి మణికట్టు దగ్గర తెగి ఉంది. అక్కడ ఎరుపు చూస్తే కడుపులో తిప్పుతుంది. నిజానికి ఆయన చేయి తెగలేదు. యుద్ధరంగంలో గాయపడనూ లేదు. సైనిక శిక్షణలోనే మనసు చెదిరిపోతే ఇంటికి పంపేశారు. ఇక బొమ్మ గీయలేనేమో అన్న భయాన్ని ఇంతకంటే సూటిగా ఎలా చెబుతాడు?

రంగు ఒకటే, గుండెకు తగిలే దెబ్బ వేరు. దీనికి రసాయన శాస్త్రంలోనే కొంత సమాధానం దొరికింది. షెవ్రల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్‌లో గోబ్లాఁ నేతశాల అద్దకాలు చూసేవాడు. నల్లదారంలో పస లేదని ఫిర్యాదు వస్తే పరీక్షించి, లోపం నలుపుది కాదు, పక్కన నేసిన రంగులదని తేల్చాడు. 1839లో దానిమీద గ్రంథమే రాశాడు. కిర్ష్‌నర్ ఎరుపు పక్కన ఆ పాలిపోయిన పసుపు లేకపోతే అది అంతగా మండదని నా నమ్మకం.

అసలు రంగే లేకుండా నోల్డే 1912లో ‘ప్రవక్త’ ముఖాన్ని కొయ్యలో చెక్కి నల్లసిరాతో అచ్చువేశాడు. గుంటకళ్ళు, చిక్కిన బుగ్గలు. చూస్తే మాట పెగలదు. రైతు ఇంట పుట్టినవాడు కదా అని నోల్డే మీద నాకు కాస్త పక్షపాతం. అయితే ఈ రైతుబిడ్డ నాజీ పార్టీలో చేరాడు. చేరినా లాభం లేకపోయింది. నాజీ ప్రభుత్వం మ్యూజియాల నుంచి ఆయనవి వెయ్యికి పైగా కృతులు లాగేసుకుంది.

1937 జులైలో మ్యూనిక్‌లో హిట్లర్ ఉపన్యసిస్తూ, పచ్చికను నీలంగానూ ఆకాశాన్ని ఆకుపచ్చగానూ చూసేవాళ్ళకు కంటిదోషం ఉన్నట్టేనని, అది వంశపారంపర్యమా కాదా అని హోంశాఖ తేల్చుకోవాలని అన్నాడు. నాలుగేళ్ళ ముందే అక్కడ వంశపారంపర్య రోగుల పేరిట నిర్బంధ వంధ్యీకరణ చట్టం వచ్చి ఉంది. అంటే అది ఉత్త ఎగతాళి కాదు. మర్నాడే ‘క్షీణకళ’ పేరుతో ప్రదర్శన పెట్టి, జనం నవ్వుకోవడానికి ఈ చిత్రాలను గోడలకు కిక్కిరిసి తగిలించారు. కిర్ష్‌నర్ సైనికుడి చిత్రాన్నీ పేరు మార్చి, నీచపరిచి అక్కడే పెట్టారు. ఆయనవి ఆరువందలకు పైగా కృతులు జప్తయ్యాయి. 1938 జూన్‌లో స్విట్జర్లాండ్‌లో దావోస్ దగ్గర తన ఇంటి వద్ద ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

ఆ సైనికుడి చిత్రం ఇప్పుడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ అనే చిన్న ఊళ్ళో ఉంది. అది అక్కడి కాలేజీ మ్యూజియం. మనలాంటి విద్యార్థులు క్లాసుకీ క్లాసుకీ మధ్య వెళ్ళి దాని ముందు నిలబడవచ్చు.