ఐరోపా మందురలు: నాన్నగారికి లేఖలు

వెర్సాయి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

యాత్రికజనము బారులు తీరి రాజప్రాసాదములోనికి పోవుచుండగా, పశువైద్యుని కుమారుడనగుటచేతనేమో, నా దృష్టి ప్రాసాదమునకు ఎదురుగా విశాలప్రాంగణమున కావలనున్న రెండు అశ్వశాలలమీద నిలిచిపోయినది. పదునాల్గవ లూయీ ఆజ్ఞపై జూల్ ఆర్డువా మాన్సార్ అను వాస్తుశిల్పి వీనిని 1679-1682 సంవత్సరముల నడుమ నిర్మించెను. పెద్దశాల, చిన్నశాల యని పేర్లే గాని పరిమాణమున రెండును సమానములే. వేటకును యుద్ధమునకును ఎక్కెడి గుర్రములు మొదటిదానియందును, బండ్లకు పూన్చెడి గుర్రములు రెండవదానియందును ఉండెడివి. నగరమునుండి వచ్చు మూడు రాజవీథుల నడిమి స్థలములను ఆక్రమించి, అర్ధచంద్రాకృతిని వంగిన ముంగిళ్లతో ఇవి ప్రాసాదమున కభిముఖముగా నిలిచియున్నవి. పడకగది కిటికీ తెరచిన రాజునకు నగరముకంటె ముందు అగపడునవి గుర్రపుసాలలే. వార్త పోవలెనన్నను, దండు కదలవలెనన్నను, వేట సాగవలెనన్నను గుర్రమే దిక్కైన ఆ కాలమున అశ్వశాల రాజ్యమునకు ఒక అంగమై యుండుట సహజమే కదా.

2003 నుండి పెద్దశాలలో బార్తబాస్ అను అశ్వకళాకోవిదుడు నెలకొల్పిన విద్యాలయము నడచుచున్నందున అందు గుర్రముల సకిలింపు నేటికిని వినవచ్చును. ఐనను ఇచ్చటి వాస్తువిన్యాసమంతయు రాజుగారి చూపునకై తీర్చినట్లు తోచుచున్నది. అందు నివసించు ప్రాణికి శాల ఎట్లుండవలెనో తెలిసికొనగోరి రేపు షాంటియీకి బయలుదేరుచున్నాను.

షాంటియీ

నాన్నగారికి నమస్కారములు.

మీరు కన్నులారా చూడవలసిన చోటు ఇది. గుఱ్ఱపుపందెముల పచ్చికబయలు అంచున, దూరమునుండి చూచువారికి మహారాజభవనమని తోచునట్టి 186 మీటర్ల నిడుపుగల ఱాతికట్టడము కలదు. కాందే వంశజుడైన బూర్బన్ ప్రభువు లూయీ ఆంరీ కోరికపై ఝాన్ ఒబేర్ అను శిల్పి రూపకల్పన చేయగా, దీని నిర్మాణము 1719లో ఆరంభమై 1735 వరకు సాగినది. ఆ ప్రభువు మరుజన్మమున తాను గుర్రమై పుట్టుదునని నమ్మి, తన అంతస్తునకు తగిన గృహమును ముందుగనే కట్టించుకొనెనని ఇచ్చట ఒక ఐతిహ్యము చెప్పుకొందురు. నిజమెట్లున్నను, 240 గుర్రములును 150 వేటకుక్కలును ఇందు నివసించెడివి.

ముఖద్వారముపై ఱాతినుండి ఉఱికి వచ్చుచున్నట్లు చెక్కిన అశ్వములను చూచుచు లోపలికి పోగా, 28 మీటర్ల ఎత్తైన గుమ్మటము క్రింద నీటితొట్టియు, దానిపై గుర్రముల ప్రతిమలును ఎదురగును. ఆ గుమ్మటము క్రిందనే పదునైదవ లూయీకి విందు చేసిరట! దానికి ఇరుప్రక్కల దేవాలయమంటపములను తలపించు దీర్ఘశాలలు సాగిపోవుచున్నవి. నేను వెళ్లిన వేళ ఒక యువతి తెల్లని గుర్రముయొక్క ముందరికాలిని మడిచి చేతబట్టి, ఇనుపకొక్కెముతో డెక్కలోని మట్టిని తీయుచుండగా, అది ఆమె వీపును ముట్టెతో తాకుచు కదలక మెదలక నిలిచియుండెను. నేను అచ్చటనే చాలసేపు నిలిచి గాలిని పరీక్షించితిని. మూత్రమునుండి పుట్టు అమ్మోనియాయు, ఎండుగడ్డి ధూళియు గుర్రపు ఊపిరితిత్తులకు పరమశత్రువులని మీరు చెప్పగా ఎన్నోమారులు వినియున్నాను. ఇచ్చట వేడెక్కిన గాలి ఎత్తైన ఱాతికప్పువైపునకు ఎగసిపోవును. కమానుకిటికీలు గుర్రముల తలలకు పైగా నుండుటచే వెలుతురు కన్నులలో గ్రుచ్చుకొనక వీపులమీద పఱచుకొనును. ప్రభువు ఆడంబరమునకై లేపిన ఎత్తే గుర్రమునకు ఊపిరి యైనది. ఆ కాలపు ఆచారమునుబట్టి గుర్రములను ప్రక్కప్రక్కనే కట్టివేయుట మాత్రము నాకు నచ్చలేదు. ఇంతటి మందిరమున ఒక్క ప్రాణికిని స్వేచ్ఛగా తిరుగుటకు చోటు లేకపోవుట వైభవమున లోపమే యగును.

ఫ్రెంచి విప్లవానంతరము ఇచ్చటి ప్రభువుల పెద్దకోట నేలమట్టమైనను, సైన్యమునకు పనికివచ్చుటచే ఈ శాల నిలిచినది. కోటను ఓమాల్ అను ప్రభువు 1875-1885 నడుమ మరల కట్టించి, ఆస్తినంతటిని 1886లో ఫ్రెంచి విద్వత్సంస్థకు ధారపోసెను. 1982లో ఈ శాలయందే అశ్వప్రదర్శనశాల వెలసినది.

వియన్నా

నాన్నగారికి నమస్కారములు.

షాంటియీనుండి వియన్నా చేరితిని. ఇచ్చట చక్రవర్తుల నగరి ప్రక్కనే స్టాల్‌బుర్గ్ అను భవనమున్నది. పదునాఱవ శతాబ్దిలో ఒక రాజకుమారుని నివాసముగా ఆరంభమైన ఈ కట్టడమున, తరువాతి కాలమున క్రింది అంతస్తు గుర్రములకును, పై అంతస్తులు చక్రవర్తుల చిత్రపటములకును నెలవైనవి. నడిమి ప్రాంగణము చుట్టును మూడంతస్తుల కమానువసారాలు. క్రింద నేటికిని లిపిజ్జాన్ జాతి మగగుర్రములు నివసించుచున్నవి. పుట్టినప్పుడు ముదురు రంగుతోనుండి, వయస్సుతో సాధారణముగా తెల్లబడు జాతి ఇది. సమీపముననే ఆరవ చార్లెస్ చక్రవర్తి కొఱకు ఫిషర్ ఫాన్ ఎర్లాహ్ అను శిల్పి 1729-1735 నడుమ కట్టిన శీతకాల అశ్వశిక్షణమందిరము కలదు. స్తంభములును గోడలును సర్వము శ్వేతమే. లోనికి వచ్చు ఆశ్వికులు ఆ చక్రవర్తి చిత్తరువునకు టోపీ తీసి వందన మొనర్చిన పిమ్మటగాని విద్య చూపరు.

ఇవన్నియు చూచిన పిదప అర్థశాస్త్రములోని అశ్వాధ్యక్ష ప్రకరణము నాకు నూతనార్థముతో స్ఫురించినది. కౌటిల్యుడు శాల వెడల్పును గుర్రపు నిడివికి రెట్టింపుగా విధించెను. నడుమ గుర్రములు పొర్లాడుటకు చోటు, ఒక్కొక్కదానికి నున్నని పలకలు పఱచిన చతురస్రస్థానము, మేతతొట్టి, మలమూత్రములు వెడలు దారి, తూర్పుకో ఉత్తరమునకో ముఖము ఉండవలెననెను. కొలతకఱ్ఱ గుర్రపు దేహమే! శాలకు శిల్పము ఎంత యున్నను ఈ కొలతనుండి పుట్టనిచో అది యజమానుని భవనమే యగును గాని గుర్రపు గృహము కానేరదు. ఈ కొలత తప్పనిచో ఱాతిగుమ్మటమైనను తాటాకుకప్పైనను ఒకే గౌరవమున కర్హములు.

మన జిల్లా పశువైద్యశాలకు క్రొత్త కట్టడపు నమూనా విషయమున మీ సలహా అడుగుచున్నారని వ్రాసితిరి. పశువు పడుకొని లేచు చోటును, మురుగు పోవు దారిని, గాలి వెడలు దారిని ముందుగా గీయించి, తరువాతనే గోడలను గూర్చి మాటాడుడని నా మనవి. పలకల నేల మన వానలకు ఆగునా, ఱాతిబండలే మేలా? మీ అభిప్రాయము తెలియగోరెదను.

అమ్మకు నమస్కారములు.

ఇట్లు,
మీ కుమారుడు