దొరువు చెంత సౌరశక్తి పాఠం

బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుంచి వెళ్ళి నెదర్లాండ్స్‌లో స్థిరపడిన తెలుగువారికి ఆ దేశపు సముద్రతీరం పూర్తిగా కొత్తగా తోచదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి తాగునీటిని తీరంలోని ఇసుకదిబ్బల నుంచే తెచ్చుకొన్నది. అయితే అవసరానికి మించి తోడిన కొద్దీ అడుగునున్న ఉప్పునీరు పైకి రావడంతో, 1957 నుంచి రైన్ నది నీటిని శుద్ధిచేసి అదే ఇసుకలోకి ఇంకించవలసి వచ్చింది. ఇసుకలో వాననీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక దానిపై తేలియాడుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు విడివిడిగా లెక్కకట్టిన సూత్రం భూగర్భజల శాస్త్రంలో నేటికీ మొదటి పాఠం. ఈ సూత్రానికి రెండో ముఖం ఉన్నది: పైన ఒక అడుగు నీరు శాశ్వతంగా తగ్గితే, కింద ఉప్పునీరు కాలక్రమాన 40 అడుగులు ఎగబాకుతుంది.

ఆ సూత్రం పేరు ఎరుగకపోయినా బాపట్ల తీరపు రైతు దాని ప్రకారమే నడుచుకొన్నాడు. ఇసుకలో గరాటు ఆకారంలో తవ్వే లోతులేని గుంటను దొరువు అంటారు. అందులో ఊరిన నీటిని కుండలతో ముంచి నారుమళ్ళకూ కూరగాయలకూ పోసేవారు. చేతితో ముంచినంత కాలం మితిమీరడం సాధ్యం కాదు గనుక ఉప్పునీరు పైకి రాలేదు. అయితే దొరువు చాలా నేలను మింగుతుంది, దాని గట్లు జారిపోతుంటాయి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దీనికే మెరుగులు దిద్ది, చిల్లుల గొట్టాలను ఇసుకలో అడ్డంగా, తక్కువ లోతున పరచి, వాటి నీటిని ఒక బావిలోకి చేర్చి మోటారుతో తోడే పద్ధతిని రూపొందించింది. లోతైన గొట్టపుబావి ఒకేచోట గట్టిగా లాగి ఉప్పును పైకి రప్పిస్తే, ఈ పద్ధతి మీగడ తీసినట్లు పైపొరను మాత్రమే అందుకొంటుంది. సుస్థిరత అనే మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణను పాఠ్యపుస్తకంలో వెదకనక్కరలేదు.

సౌరశక్తి ప్రసక్తి వచ్చేది ఇక్కడే. లోతు తక్కువ కనుక చిన్న సౌర పంపు దొరువుకు చక్కగా సరిపోతుంది. కాని సౌర పలకలు ఒకసారి బిగించిన తరువాత ఎండకు ధర ఉండదు, ధర లేనిచోట మోటారు కట్టేయవలసిన తొందరా ఉండదు. పొద్దుపొడిచింది మొదలు క్రుంకేదాకా అది తోడుతూనే ఉంటే, పునరుత్పాదక ఇంధనమే పునరుత్పత్తి చెందే నీటిని చెడగొడుతుంది. విద్యుత్తు చదివేవారికి పలక సామర్థ్యం, వ్యవసాయం చదివేవారికి నేల చౌడు వేర్వేరు గదుల్లో బోధిస్తే ఈ చిక్కు ఎవరి కంటా పడదు. వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల, 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల, 1981 నాటి బాపట్ల ఇంజనీరింగ్ కళాశాల ఒకే ఊరిలో ఉండగా, ఈ ప్రశ్నను అక్కడ కలిపి చదవకపోతే ఇంకెక్కడ చదువుతారు?

సుప్రీంకోర్టు 1991లోనూ 2003లోనూ ఇచ్చిన ఆదేశాల వల్ల పర్యావరణం డిగ్రీ విద్యార్థులందరికీ తప్పనిసరి పాఠ్యాంశమైంది. అది మంచిదే గాని, అందరికీ ఒకటే పాఠం కావడంతో ఏ ఊరి సంగతీ అందులో ఇమడదు. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులలో ప్రాణవాయువు పడిపోయేది తెల్లవారుజామున, ఎందుకంటే చీకటిలో నాచు దానిని తయారుచేయదు, వాడుకొంటుంది; నీటిని చిలికే ఏరేటర్లకు కరెంటు అత్యవసరమైన ఆ వేళకు సూర్యుడుండడు. బ్యాటరీల ఖర్చెంత, పగటి సౌరవిద్యుత్తును గ్రిడ్డుకిచ్చి రాత్రి తిరిగి తీసుకొనడం ఎంతవరకు గిట్టుబాటు అన్నదే అక్కడి లెక్క. తెనాలి చుట్టూ కాలువ నీటి వరిపొలాల్లో నీరు తోడే అవసరం తక్కువ. గడ్డి, ఊక నుంచి వేడి, ఆవిరి తీయడం అక్కడ ముందుకొస్తుంది.

ప్రవాసులు తాము చదివిన కళాశాలకు ఏదైనా చేయాలనుకొన్నప్పుడు మేడమీది సౌరఫలకాలవైపు మనసు పోవడం సహజం. అవి కనిపిస్తాయి, వాటి పక్కన శిలాఫలకమూ కనిపిస్తుంది. వాటి వల్ల కరెంటు బిల్లు తగ్గుతుంది, చదువు పెరుగుతుందన్న హామీ లేదు. అంతకన్నా ఎంతో తక్కువ ఖర్చుతో, నీటిలో ఉప్పును కొలిచే విద్యుద్వాహకత మీటర్లు కొన్ని కొనిచ్చి, గ్రామీణ అనుభవ శిక్షణకు పల్లెల్లో ఉండే వ్యవసాయ విద్యార్థినీ, పంపును పరీక్షించే ఇంజనీరింగ్ విద్యార్థినీ జతగా పంపవచ్చు. దొరువు నీటిమట్టం, ఉప్పు, మోటారు నడిచిన గంటలు వారంవారం ఒకే పుస్తకంలో నమోదైతే, రెండు మూడు వేసవులు గడిచేసరికి ఆ ఇసుకలో ఎంత సామర్థ్యపు పంపు రోజుకు ఎన్ని గంటలు నడవవచ్చో రైతుకు చెప్పగల లెక్క ఆ విద్యార్థుల చేతిలో ఉంటుంది.