పడవ మనది... ఫోను ఎవరిది?

ఆదివారం వస్తే నెల్లూరు జనం మైపాడు బీచ్‌కి బయల్దేరతారు. అలల్లో కాసేపు తడిసి, మొక్కజొన్న కంకులు కాల్పించుకు తిని, ఇసుక దులుపుకుంటూ చీకటి పడే వేళకి ఇళ్లకు చేరతారు. బీచ్‌కి కాస్త ఎడంగా, పడవలు ఒడ్డుకు లాగిపెట్టే చోటుకి పోయేవాళ్లు తక్కువ. అక్కడ పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకునే ఓ డెబ్బై ఏళ్ల పెద్దాయన దగ్గరికి, చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనవడు ఓ ఆదివారం కొత్త ఫోనుతో వచ్చాడు. సముద్రంలో దారి చూపించే యాప్ ఒకటి డబ్బు కట్టి మరీ అందులో వేశాడు. తెరిచేసరికి తెర నిండా చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు.

“ఏందబ్బయా ఇది, ఇంత పొడుగుండాది?”

“ఏం లేదు తాతా. కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని ఉండాదే, ఆడ నొక్కు.”

“ఏం రాసుండాదో తెలీకుండా ఒప్పుకునేదెట్టరా?”

“ఎవురూ చదవరు తాతా.”

“నొక్కకపోతే?”

“తెరుచుకోదు.”

“డబ్బులిచ్చి కొన్నావు గదా!”

మనవడు బీటెక్ చదివాడు. నాలుగేళ్లలో ఎనిమిది సెమిస్టర్లు రాశాడు. ఈ ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. తాత వేలు పట్టుకుని తనే నొక్కించేశాడు.

పాలెంలో కొనడం అంటే ఏమిటో పెద్దాయనకి బాగా తెలుసు. ఫైబరు పడవ కొంటే అది ఆయనది. చిల్లు పడితే తనే మాటు వేసుకుంటాడు. ఇంజను మొరాయిస్తే ఇసుకలో గోనెపట్టా పరిచి, దాన్ని ముక్కముక్కలు విప్పి మళ్లీ బిగిస్తాడు. బావమరిదికి నాలుగు రోజులు ఎరువిస్తాడు. అవసరమొస్తే అమ్ముకుంటాడు, లేదంటే కొడుక్కిచ్చి పోతాడు. వేటకి పోయొస్తే ఆయిలు ఖర్చు తీసేసి, పడవకింత, వలకింత, మనిషికింత అని పాళ్లు. ఊళ్లో కట్టుబాటు పెట్టాలంటే పెద్దలు అందర్నీ పిలిచి, అందరి చెవిన పడేలా నోటితో చెబుతారు. దాన్నే దురాయి అంటారు. నాలుగు మాటల్లో అయిపోతుంది. అర్థం కాకపోతే అక్కడే అడగొచ్చు, గిట్టకపోతే అక్కడే పోట్లాడొచ్చు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల దురాయి అలా ఉండదు. అది వకీళ్లు వకీళ్ల కోసం రాసుకున్నది. దాన్ని జనం చదవరని కంపెనీలకీ తెలుసు. అమెరికాలో పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ ఓసారి తన ఒప్పందపత్రం మధ్యలో, ఇది చదివి ఫలానా చిరునామాకి రాసినవారికి బహుమానం ఇస్తామని ఒక ముక్క ఇరికించింది. నాలుగు నెలల పాటు వేలమంది ఒప్పుకుంటున్నామని నొక్కుకుంటూ పోయారు. ఉత్తరం రాసింది ఒకే ఒక్కడు. 2005లో ఆయన చేతికి వెయ్యి డాలర్లు వచ్చాయి. ఇంగ్లండులో వీడియో గేములు అమ్మే గేమ్‌స్టేషన్ అనే దుకాణం ఇంకో అడుగు ముందుకేసి, 2010 ఏప్రిల్ ఒకటో తేదీన, కొన్నవారి ఆత్మ ఇకపై మాదేనని నిబంధనల్లో రాసి పెట్టింది. సుమారు ఏడున్నర వేల మంది ఆత్మలు రాసిచ్చేశారు. పాపం ఆ దుకాణం వాళ్లు తర్వాత ఎవరివి వాళ్లకి వదిలేశారనుకోండి.

ఇంతకీ ఆ చీమల బారులో ఉండేది ఏమిటి? తిప్పి తిప్పి చెప్పినా సంగతి ఒకటే. ఇది మీకు అమ్మలేదు, వాడుకోనిచ్చాం. ఎన్నాళ్లు, ఎలా, ఎన్ని కంప్యూటర్లలో అన్నది మేం చెప్పినట్టు. కొట్టువాడు గుమ్మడికాయ అమ్మి, డబ్బు గల్లాపెట్టెలో వేసుకుని, “పులుసు మాత్రమే పెట్టుకోండమ్మా, హల్వా చేస్తే కాయ వెనక్కి తీసుకుంటాం, పక్కింటావిడకి ముక్క పెట్టారో కేసే” అంటే నెల్లూరు ఇల్లాలు ఏమంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఫోనుకొచ్చేసరికి అదే ఇల్లాలు కళ్లు మూసుకుని నొక్కేస్తుంది.

వెనక్కి తీసుకోవడం ఉత్త బెదిరింపు కాదు. 2009 జూలైలో అమెజాన్ తన కిండిల్ పరికరాల్లోంచి, జనం డబ్బు పెట్టి కొనుక్కున్న పుస్తకాలను రాత్రికి రాత్రి చెరిపేసింది. వాటిని అమ్మినవాడికి ఆ హక్కు లేదట. డబ్బు వాపసు ఇచ్చింది, కంపెనీ పెద్ద జెఫ్ బెజోస్ తర్వాత క్షమాపణ కూడా చెప్పాడు. మాయమైన పుస్తకాల్లో ఒకటి జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’. ఇళ్లలో కూడా నిఘా పెట్టి, గిట్టని రాతల్ని తుడిచిపెట్టే ప్రభుత్వం గురించిన నవల అది.

పుస్తకాలు సరే, ట్రాక్టర్ల సంగతి చూడండి. ఇందుకూరుపేట, కోవూరు రైతు ట్రాక్టరు ఆగిపోతే ఊరి మెకానిక్కుని పిలుస్తాడు. అతను రెంచీతోనో సుత్తితోనో దాన్ని లేపి కూర్చోబెడతాడు. అమెరికా రైతుకి ఆ భాగ్యం కరువైంది. అక్కడి కొత్త ట్రాక్టర్లలో పొలం కంటే సాఫ్ట్‌వేరే ఎక్కువ. 2015లో జాన్ డీర్ కంపెనీ అక్కడి కాపీరైటు కార్యాలయానికి రాసిన కాగితంలో, ట్రాక్టరు కొన్న రైతుకి అందులోని సాఫ్ట్‌వేరు మీద ఉండేది, బండి నడిచినన్నాళ్లూ వాడుకునే లైసెన్సు మాత్రమేనని వాదించింది. అది విన్న రైతుల కడుపు రగిలిపోయింది. రిపేరు కోసం ఆ తాళం తీసుకోవడం తప్పు కాదని అదే ఏడాది ప్రభుత్వం మినహాయింపు ఇచ్చిందిగానీ, గొడవ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచింది.

అన్నీ కంపెనీల తప్పులేనా, కొనేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా అంటే, తినలేదు. ఇరవై ఏళ్ల కిందట నెల్లూరులో కంప్యూటరు కొనడమంటే రైలెక్కి మద్రాసు రిచీ స్ట్రీటుకి పోయి, డబ్బా ఒకచోట, మానిటరు ఒకచోట బేరమాడి, ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవడం. వాటికి ఇచ్చిన ప్రతి రూపాయీ లెక్క. విండోస్‌ని మాత్రం ఎవరూ కొనలేదు. ‘వేయించారు’. ఇంటికి సున్నం వేయించినట్టు, గేటుకి రంగు వేయించినట్టు. ఒకే సీడీ వీధి వీధంతా ఆవకాయ జాడీలా తిరిగేది. అది దొంగతనమని చెబితే, “మనోళ్ల పిల్లోడే గదా వేసింది!” అని ఆశ్చర్యపోయేవారు.

ఈ బాధ బిల్ గేట్స్ 1976లోనే పడ్డాడు. తాను రాసిన ప్రోగ్రాంను డబ్బు కట్టకుండా కాపీ చేసుకుంటున్న కుర్రాళ్లని దొంగలంటూ ఆ ఫిబ్రవరిలో బహిరంగ లేఖ రాశాడు. అదే గేట్స్ 1998లో చైనా గురించి మాట్లాడుతూ, ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి మాదే దొంగిలించాలని కోరుకుంటామన్నాడు. అలవాటు పడ్డాక డబ్బు వసూలు చేసే దారి తర్వాత చూసుకోవచ్చునని ఆయన ధీమా. ఇది నెల్లూరు వడ్డీ వ్యాపారికి వివరించి చెప్పాల్సిన సూత్రం కాదు.

వసూలుకి దారి దొరికింది. దాని పేరు నెల చందా. ట్రంకు రోడ్డు సందుల్లో పెళ్లి శుభలేఖలు కొట్టే డీటీపీ షాపాయన్ని అడిగితే చెబుతాడు. అడోబీ పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. తర్వాత దానికి తమ్ముడు పుట్టలేదు. అయినా తెలుగునాట ఎన్నో పెళ్లిళ్లు ఆ పేజ్‌మేకరూ, అను ఫాంట్లూ కలిసి చేసినవే. 2013లో అడోబీ ఇకపై కొత్త ప్రోగ్రాములు పెట్టెలో పెట్టి అమ్మం, నెలనెలా కట్టి వాడుకోండి అంది. “ఇంటద్దె, షాపద్దె, ఇప్పుడు బొమ్మలద్దె గూడానా?” అని ఆయన పాత కంప్యూటర్నే సాంబ్రాణి పొగ వేసి కాపాడుకుంటున్నాడు. మారదామన్నా చిక్కే. అను ఫాంట్లో కొట్టిన తెలుగు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగులా కనిపించదు. ‘చి.ల.సౌ.’ అని కొట్టింది కాస్తా కొమ్ములూ చుక్కలూ ఉన్న ఏదో దేశపు అక్షరాలై తేలుతుంది. పదిహేనేళ్ల పని ఆయనదే, తాళంచెవి ఇంకొకరిది. కంప్యూటరు మాత్రం ఎన్నాళ్లుంటుంది? 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సేవలు ఆపేసింది. నిక్షేపంలా పనిచేసే యంత్రాలు ఎన్నో, కొత్త విండోస్‌కి పనికిరావన్న మాట పడ్డాయి.

ఇంకో రకం మనుషులూ ఉన్నారు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ 1983లో, సాఫ్ట్‌వేరును ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే ఉద్యమం మొదలెట్టాడు. అందుకోసం జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. ఊరికే తీసుకోవచ్చు, కానీ దాన్ని మార్చి పదిమందికీ పంచితే అదే హక్కు వాళ్లకీ ఇవ్వాలి. ప్రపంచానికి ఇది వింతగా తోచిందేమోగానీ, నెల్లూరుకి వింత కాకూడదు. ఏటా మొహర్రం సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో జరిగేది అదే కదా. ఉద్యోగం రొట్టెనో, పెళ్లి రొట్టెనో ఎవరి దగ్గరో ఊరికే పుచ్చుకుంటారు. కోరిక తీరితే మరుసటేడు వచ్చి, అదే రొట్టె ఇంకొకరికి పంచుతారు. రొట్టెకి రశీదు లేదు, నెల చందా లేదు.

అలాంటి రొట్టె ఒకటి తెలుగు అక్షరాలకీ దొరికింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వాటికీ జీపీఎల్ లైసెన్సే. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగే. భాగవతాన్ని రాజులకి అంకితమివ్వని పోతన పేరు ఆ ఫాంటుకి భలే అతికింది. తెలుగువాళ్లు ఈ ఫాంటు చేసినాయన్ని తలుచుకున్నది తక్కువ, డబ్బు పోసి కొన్న ఫాంట్ల గురించి తిట్టుకున్నది ఎక్కువ.

పెద్దాయన కథలోకి వస్తే, ఆరునెలలు ఫోను బాగానే పనిచేసింది. వల చిక్కుకుని చిరిగే రాళ్లు ఎక్కడున్నాయో, ఏ కాలంలో ఎక్కడ చేప పడుతుందో, ఆయన గురుతులన్నీ మనవడు అందులోకి ఎక్కించాడు. పూర్వం ఆ గురుతులకి ఫోను అక్కర్లేదు. సముద్రంలోంచి ఒడ్డుకేసి చూసి, లైట్‌హౌసూ తాడితోపూ ఒక వరసలోకి వస్తే ఇక్కడ రాయి, గోపురం ఫలానా దిబ్బ పక్కకి జరిగితే అక్కడ రాయి అని తండ్రి కొడుక్కి నేర్పేవాడు. ఇప్పుడు తాడితోపులు లేవు. రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఓ తెల్లవారుజామున యాప్ తెరిస్తే గురుతులు లేవు. దాచుకున్న చోట్లు చూడాలంటే ఇకనుంచి నెలనెలా ఇంత కట్టాలని తెర మీద వచ్చింది. మొదట కట్టిన డబ్బు? అది పాత పద్ధతి. నిబంధనలు ఎప్పుడైనా మార్చుకోవచ్చునని ఆ చీమల బారులోనే ఉందట. తాత దానికే కదా ఒప్పుకున్నాడు!

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ యాప్‌కి దారి చూపించే ఆకాశం ఎవర్నీ పైసా అడగదు. జీపీఎస్ సంకేతాలు అమెరికా ప్రభుత్వానివి, ప్రపంచానికంతటికీ ఉచితం. మామూలు జనానికి అందే సంకేతంలో కావాలని పెట్టిన తేడాని 2000 మే నెలలో తీసేశాక అవి ఇంకా కచ్చితమయ్యాయి. మన సొంత నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న ఎగిరింది ఇదే తీరాన, దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచే. చేపలు ఎక్కడ చేరే అవకాశముందో ఉపగ్రహాల సమాచారంతో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలూ ఉచితమే. రాకెట్టు ఎగిరే రోజు వేటకి పోకుండా ఒడ్డునే కూర్చున్న పాలేలు ఎన్నో ఉన్నాయి ఈ తీరంలో. ఆకాశం నుంచి అంతా ఊరికే దిగొస్తుంటే, జేబులో ఉన్న అద్దం ముక్క దగ్గర సుంకం.

మనవడు ఫోన్లోనే సర్ది చెప్పబోయాడు. “పోనీ తాతా, నెలకింతేగా. నే కడతాలే.”

“నువ్వు కడతావు. నీ తర్వాత?”

చివరికి మనవడు ఒక్క నెలకి కట్టాడు. ఆ ఆదివారమే వచ్చి, ఎనిమిదో తరగతి చదివే చెల్లెల్ని కూర్చోబెట్టి, తాత పక్కన ఉండగా ఒక్కో గురుతూ పైకి చదివాడు. పద్నాలుగు డిగ్రీల ఇన్ని, ఎనభై డిగ్రీల ఇన్ని. ఆ పిల్ల రెండొందల పేజీల నోటుబుక్కులో ముందునుంచి రాళ్ల గురుతులు, వెనకనుంచి చేపల గురుతులు రాసింది. తడవకుండా ప్లాస్టిక్ కవరు తొడిగారు.

నాలుగు రోజులకి పక్క పడవ కుర్రాడు వచ్చి అడిగాడు. “పెదనాయనా, రాళ్ల పుస్తకం ఒకసారి ఇస్తావా? నిన్న కొత్త వల చినిగిపోయింది.”

“తీసకపో. ఫోటో తీసుకుంటావో, రాసుకుంటావో నీ ఇష్టం. సందేళకి తెచ్చియ్యి.”

ఇచ్చేముందు వెనక పేజీలకి మాత్రం రెండు రబ్బరుబ్యాండ్లు వేశాడు.