ముప్కాల్ చుట్టూ మూడు నడకలు

సెలవులొచ్చాయంటే ఇంట్లో అందరి నోటా వినిపించేవి అవే పేర్లు: ఊటీ, అరకు, తిరుపతి. నడవడం కోసమే ఓ ఊరికి వెళ్ళడం మన ఇళ్ళల్లో అలవాటు లేదు. “పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటాం, సెలవుల్లో కూడా నడకేనా?” అంటారేమో! నిజమే. కానీ వంటింటికీ వాకిలికీ మధ్య నడక వేరు. ఓ పక్క పసుపు చేను, ఇంకో పక్క మక్క చేను, ఎదురుగా నల్లటి గుట్ట, మధ్యలో మీరు... ఆ నడక వేరు.

ఇంగ్లండు దక్షిణాన తెల్లటి సుద్దరాతి గుట్టలున్నాయి. వాటి మీదుగా, పాత పల్లెల్ని కలుపుతూ 160 కిలోమీటర్ల నడకదారి ఉంది. జనం సంచీ భుజాన వేసుకుని రోజుకింత చొప్పున నడుస్తారు. మనకు సుద్ద గుట్టలు లేకపోతేనేం, నల్లరాతి గుట్టలున్నాయి, గోదావరి ఉంది, పాత ఊళ్ళున్నాయి. నిజామాబాద్ జిల్లా ముప్కాల్ వైపు ఓసారి రండి.

ముప్కాల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఆర్మూరుకీ నిర్మల్‌కీ మధ్య ఉంటుంది. పాతవాళ్ళు ఇప్పటికీ దీన్ని ఏడో నంబరు రోడ్డనే అంటారు. ఒకప్పుడు బాల్కొండ మండలంలో ఉన్న ఊరు, 2016లో తనే మండల కేంద్రమయింది. రైల్లో వచ్చేవాళ్ళు నిజామాబాద్‌లో దిగి బస్సెక్కొచ్చు. చలికాలంలో, సంక్రాంతికి అటూ ఇటూగా వస్తే మంచిది. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి నడక: పసుపు చేల మధ్య

పొద్దున ఆరింటికే బయల్దేరండి. రోడ్డు మీద లారీల మోత వింటూ నాలుగడుగులు వేసి, చేలవైపు తిరిగే బండ్ల బాట పట్టండి. మోత ఒక్కసారిగా వెనకబడిపోతుంది.

మీ పోపులపెట్టెలో పసుపు పుట్టే చోటు ఇదే. తొలకరి వానలకు పసుపు నాటుతారు. అదే చేలో మక్క కూడా వేస్తారు. మక్క ముందే చేతికొస్తుంది, పసుపు మాత్రం నేలలోనే ఉండి సంక్రాంతి దాటాక, మార్చిదాకా బయటికొస్తూ ఉంటుంది. ఆ రోజుల్లో వస్తే కొమ్ములు తవ్వడం, ఉడకబెట్టడం, కళ్ళాల్లో ఎండబెట్టడం, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెట్టడం అన్నీ చూడొచ్చు. పచ్చి పసుపు ఉడికే వాసన మీ చీరకి పట్టి ఇంటిదాకా వస్తుంది! తొమ్మిది నెలల చాకిరీ తర్వాత గానీ ఆ పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డు చేరదు. ఇక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడిగిన పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌లోనే మొదలయింది.

ఇక్కడే ఎర్రజొన్న చేలు కూడా కనిపిస్తాయి. అది మన రొట్టెల జొన్న కాదు. పశువుల మేత పెంచుకోవడానికి విత్తనంగా ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్తుంది.

ఇంకాస్త నడిస్తే వరద కాలువ. శ్రీరాంసాగర్‌లో మిగులు నీళ్ళను కిందికి పంపడానికి తవ్విన కాలువ ఇది. తర్వాత ఇదే కాలువలో నీటిని వెనక్కి, అంటే పైకి, ఎత్తిపోసే పునరుజ్జీవ పథకానికి 2017లో శంకుస్థాపన చేశారు. దానికి కట్టిన మూడు పంపుహౌసుల్లో ఒకటి ముప్కాల్‌లోనే ఉంది. అత్తారింటికి వెళ్ళిన పిల్ల పుట్టింటికి తిరిగొచ్చినట్టు నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి రావడం వింతే కదూ! గట్టు మీద నుంచే చూడండి. కాలువలోకి మాత్రం దిగొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు.

రెండో నడక: పోచంపాడు

ఇక్కడి గోదావరిని చూడాలంటే పోచంపాడే. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. 42 గేట్లు. నిండితే నీటిమట్టం 1091 అడుగులు. మొదట్లో 112 టీఎంసీలు పట్టే జలాశయం, పూడిక చేరి ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. వానాకాలంలో గేట్లెత్తినప్పుడు జనం జాతరలా వస్తారు. ఆనకట్ట మీదికి వెళ్ళడానికి అక్కడి సిబ్బంది అనుమతి ఉండాలి. లేకపోతే కింది రోడ్ల మీద నడిచినా కన్నులపండువే.

నీళ్ళు వెనక్కి తన్ని నిలిచే ఊళ్ళవైపు, నందిపేట దిక్కున, ఎండాకాలం నీరు తగ్గాక పచ్చగడ్డి మొలుస్తుంది. అదృష్టముంటే కృష్ణజింకల గుంపు కనిపిస్తుంది. ఆ గడ్డి కిందున్నవి ఒకప్పటి ఊళ్ళని మర్చిపోవద్దు. ఈ జలాశయం కింద ఎన్నో పల్లెలు మునిగాయి. జనం ఊరి పేరు వెంట తెచ్చుకుని ఎగువన మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. మనం ఫొటో తీసుకునే చోట ఎవరి పుట్టిల్లో ఉంది.

మూడో నడక: బాల్కొండ, సిద్దుల గుట్ట

బాల్కొండ పాత పేరు అల్లకొండ అంటారు. పాత కోట శిథిలాలు చూసుకుంటూ బజార్లో తిరిగితే గంట గడిచిపోతుంది. అక్కణ్ణుంచి ఆర్మూరు బస్సెక్కండి. నవనాథ సిద్ధులు తపస్సు చేసిన చోటు కనుక నవనాథపురమని, ఆరూ మూడూ తొమ్మిది కనుక ‘ఆరు మూరు’ ఆర్మూరయిందని స్థానికులు చెప్తారు. గుట్ట నిండా ఎవరో పేర్చినట్టు నల్లటి బండరాళ్ళు. మెట్లున్నాయి, పైకి రోడ్డూ ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రోడ్డున ఎక్కి మెట్లు దిగకుండా రోడ్డునే దిగడం మేలు. గుహలో ఉన్న సిద్ధేశ్వరుణ్ణి చూడాలంటే తల వంచి బండల మధ్య నుంచి వెళ్ళాలి.

ఆకలేస్తే దగ్గర్లోనే అంకాపూర్. ఆ ఊరి నాటుకోడి కూర ఎంత దూరం పేరు పోయిందో మీకు తెలిసే ఉంటుంది. శాకాహారులు నిప్పుల మీద కాల్చిన మక్క కంకులు తినొచ్చు.

బాట ఎవరిది?

ఈ దారుల్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఆడవాళ్ళే. కూలికి పోయేవాళ్ళు, చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోయేవాళ్ళు. మగవాళ్ళు దుబాయో మస్కటో వెళ్ళిన ఇళ్ళు ఈ వైపు ఎన్నో. చేనూ ఇల్లూ రెండూ చూసుకునేది ఆ ఇల్లాలే. మనకు నడక సరదా, ఆమెకు అదే బతుకు.

అందుకే ఈ బాటల సంగతి కాస్త పట్టించుకోవాలి. ప్రతి ఊరికీ సర్వే నక్ష ఉంటుంది. అందులో బండ్ల బాటలు, కాలిబాటలు చుక్కల గీతలుగా కనిపిస్తాయి. ఊళ్ళో వాటిని ‘నక్ష బాట’ అంటారు. కానీ ఏటా నాగలి అంచు, తర్వాత ట్రాక్టరు అంచు అడుగడుగు చొప్పున జరుగుతూ వస్తే, పదేళ్ళకు నక్షలో బాట ఉంటుంది, నేల మీద ఉండదు. బండి మళ్ళదు. తలమీద గడ్డిమోపుతో ఉన్న మనిషి ఇంకొకరి గట్టు ఎక్కి మాట పడాల్సి వస్తుంది. భూమి ఉండీ దారి లేని రైతు గోస వినేవాళ్ళకే తెలుస్తుంది.

ఇంగ్లండు కాలిబాటలు ఇన్నాళ్ళు నిలిచింది సుద్దరాతి గొప్పతనం వల్ల కాదు. 1949లో వాళ్ళు చట్టం చేసి, ఏ బాట అందరిదో మ్యాపుల్లోకి ఎక్కించారు. ఆ మ్యాపుకెక్కిన బాటను మూసే హక్కు పొలం యజమానికి ఉండదు. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే: నడిచేవాళ్ళుంటేనే బాట బతుకుతుంది. మీ పుట్టినూళ్ళో చిన్నప్పుడు చెరువుకి బతుకమ్మ తీసుకెళ్ళిన దారి ఇప్పుడు ఉందో లేదో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. లేకపోతే గ్రామసభలో నక్ష తీసి చూపించమని అడగండి. అడిగే హక్కు మనకూ ఉంది.

బయల్దేరే ముందు

నలుగురైదుగురు కలిసి వెళ్ళండి. కొత్త చెప్పులు వద్దు, అలవాటైన కాన్వాసు బూట్లు మేలు. మంచినీళ్ళు, జొన్నరొట్టెలో చుట్టిన పల్లి పొడి, రెండు మలీద ముద్దలు చాలు. ముద్దలకు చపాతీలు వేడిమీదే నలిపి, బెల్లం తురుము, నెయ్యి, యాలకుల పొడి కలిపి గట్టిగా చుట్టండి. రెండు రోజులు నిలవుంటాయి. చేలో కాయా కంకీ అడక్కుండా తెంపొద్దు, అడిగితే వద్దనేవాళ్ళుండరు.

దారిలో ఎవరో పెద్దావిడ ఆపి, “ఎవరింటికి పోతున్నరు బిడ్డా?” అని తప్పకుండా అడుగుతుంది. “ఊరికే నడుస్తున్నం అవ్వా” అని చెప్పండి. ముందు నవ్వుతుంది. తర్వాత ముందున్న ఊరికి దగ్గరి బాట ఏదో చేయెత్తి చూపిస్తుంది.